కాలం తప్పిన పెట్టె

అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి కావటానికి పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. ఎన్నికనాటి సమావేశానికి వెళ్ళకపోతే చాలు. 2023 వేసవిలో నేను పరీక్ష పేపర్లు దిద్దే పనిమీద పోయి ఆ సమావేశానికి హాజరు కాలేకపోయాను. సాయంత్రం ఇల్లు చేరేసరికి మా ఆవిడ కాఫీతోపాటు ఆ వార్త కూడా చేతికందించింది.

"మిమ్మల్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారుటండీ!"

మర్నాడు పాత కార్యదర్శిగారు అప్పగింతలు పెట్టారు. మినిట్సు పుస్తకం, సగం వాడిన రసీదు పుస్తకాలు మూడు, మోటారు గది తాళంచెవి, చివరికి మెట్లకింద మీటర్ల గదిలో గోడ బల్లమీదున్న ఒక నల్లటి పెట్టె.

"ఇది డీవీఆర్ మాస్టారూ. దీని జోలికి మాత్రం పోకండి. దాని పని అది చేసుకుపోతుంది" అన్నారాయన.

ఈ లోకంలో దాని పని అది చేసుకుపోయే వస్తువంటూ ఒకటుందని నమ్మటం నా మొదటి పొరపాటు.

గోడలమీది సీసీ కెమెరాలను అందరూ చూస్తారుగాని, ఈ పెట్టెను చూసినవాళ్ళు తక్కువ. కెమెరా ఉత్త కన్ను. చూసినదాన్ని గుర్తుపెట్టుకునేది ఈ పెట్టె. కెమెరాల తీగలన్నీ వచ్చి దీని వీపున గుచ్చుకుంటాయి. కడుపులో కంప్యూటరులో ఉండేలాంటి హార్డుడిస్కు ఒకటి రాత్రనక పగలనక తిరుగుతూ, వచ్చిన బొమ్మనల్లా రాసుకుంటూ ఉంటుంది. చోటు నిండిపోతే అన్నిటికన్న పాత బొమ్మలు చెరిపి వాటిమీదే కొత్తవి రాసుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖపట్నాన్ని ఊపి వదిలినప్పుడు మా ప్రహరీగోడ ఒక వైపంతా కూలిపోయింది. గోడ మళ్ళీ లేచేలోగా రెండు స్కూటర్లు మాయమయ్యాయి. ఆ బాధతో 2015లో చందాలు వేసుకుని కొన్న సరంజామా ఇది. కెమెరాలు ఎనిమిది. మేముండేది పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గర. ఉప్పుగాలికి తీగల కొసల్లో చిలుం పట్టి, నేను పదవిలోకి వచ్చేనాటికే గేటు దగ్గరి కెమెరా కన్నుమూసి ఏడాది అయింది. దాన్ని గురించి ఎవరికీ బెంగలేదు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు కదా అని.

నేను పదవి చేపట్టిన పదో రోజున, ఒక ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. ఆరోజే ఇన్వర్టరు కూడా మొరాయించింది. కరెంటు వచ్చాక మీటర్ల గదిలోంచి పెట్టె కీచుకీచుమని అరుస్తుంటే వెళ్ళి చూద్దును గదా, తెరమీద తారీఖు 2000 జనవరి 1 అని ఉంది. ఇరవైమూడేళ్ళు వెనక్కి పోయింది! ఎలక పట్టుకుని నొక్కగా నొక్కగా తారీఖు మార్చే చోటు దొరికింది. తారీఖు దిద్దాను. చేతి గడియారం చూసి గంటా నిమిషమూ దిద్దాను. పదీ అయిదు. ఏదో ఘనకార్యం చేసినవాడిలా చేతులు దులుపుకుని పైకొచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను కూడా.

జూలై 12, బుధవారం పొద్దున్న మూడో అంతస్తు బ్యాంకు మేనేజరుగారి అబ్బాయి గేర్ల సైకిలు సెల్లారులో కనబడలేదు. కొని రెండు నెలలు కాలేదు. పధ్నాలుగు వేలు పెట్టారుట. పిల్లవాడు ఏడుపు, తల్లి శాపనార్థాలు, తండ్రి ఇంగ్లీషు. సాయంత్రం ఆఫీసులనుంచి అందరూ వచ్చాక ఎనిమిది గంటలవేళ ఏడెనిమిదిమందిమి మీటర్ల గదిలో పెట్టె చుట్టూ చేరాం. రెండో అంతస్తు రిటైర్డు ఇంజనీరుగారు ముందుకొచ్చి ఎలక అందుకున్నారు. ఆయన మంచి పద్ధతైన మనిషి. ముందు పెట్టె గడియారాన్ని తన చేతి గడియారంతో పోల్చి చూశారు.

"ఎనిమిదీ పన్నెండు. చూడండి, నిమిషం తేడా లేదు. సాక్ష్యం పక్కా" అన్నారు.

సైకిలు మంగళవారం సాయంత్రం పిల్లవాడు తొక్కి తెచ్చి పెట్టాడు. బుధవారం ఏడింటికి లేదు. "దొంగతనాలు ఎప్పుడూ రెండు మూడు గంటల మధ్యనే" అంటూ ఇంజనీరుగారు తిన్నగా 12వ తారీఖు రాత్రి రెండు గంటలకు పోయారు. ఆయన లెక్క తప్పలేదనే అనుకున్నాం అందరమూ. 02:10:37 అన్న అంకెలకింద, సెల్లారు ట్యూబులైటు వెలుతుర్లో, మా వాచ్‌మన్ కొడుకు వచ్చాడు. ఇటూ అటూ చూశాడు. సైకిలు పక్కన గొంతుక్కూచున్నాడు. కాసేపు దానిమీద చెయ్యి ఆడించాడు. లేచి హాండిలు పట్టుకుని బొమ్మలోంచి అవతలికి నడిపించుకు పోయాడు. ఆ తరువాత తెరమీద గళ్ళు గళ్ళుగా ఏవో ముక్కలు కనిపించి బొమ్మ బిగుసుకుపోయింది. ఇక ముందుకు కదల్లేదు. కదలకపోయినా ఎవరికీ లోటు తోచలేదు. మాకు కావలసింది దొరికిపోయింది.

ఆ కుర్రాడికి పదిహేడేళ్ళు. ఇంటరు పాసై డిగ్రీలో సీటుకోసం చూస్తున్నాడు. ఈలోగా ఫ్లాట్లవాళ్ళ బళ్ళు కడిగి నాలుగు డబ్బులు తెచ్చుకుంటున్నాడు. పిలిపించి అడిగాం.

"మంగళారం మజ్జాన్నం తుడిచాను సార్. కుళాయికాడికి తీసుకెళ్ళి కడిగి మళ్ళీ అక్కడే పెట్టీసేను. రేతిరి నాను పడుకునే ఉన్నాను" అన్నాడు.

బొమ్మ మీద అంకెలు చూపించాం. వాడు తెల్లబోయాడు. అప్పుడు నేనొక మాటన్నాను. నలుగురి ముందూ, తరగతిలో చెప్పినంత స్పష్టంగా అన్నాను. "మనిషైతే అబద్ధమాడతాడు గాని, యంత్రం ఆడదు కదా అబ్బాయీ."

వాడు మరి మాట్లాడలేదు. వాళ్ళ నాన్న మాత్రం చేతులు జోడించాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి తొమ్మిదేళ్ళకు పైగా ఈ మెట్లకింది గదిలోనే ఉంటున్నాడు. "తుఫానునాడు మీరంతా తలుపులేసుకుంటే, మేడమీద టాంకీ ఎగిరిపోకండా తాడుతో కట్టింది మేవే కద బాబూ! మావోడు అలాటోడు కాడు బాబూ" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. పోలీసు రిపోర్టు ఇవ్వకుండా ఉండేందుకు, నెలాఖరుకి వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయేందుకు తీర్మానమైంది. ఇది మేం చూపించిన దయ! తీర్మానం మినిట్సు పుస్తకంలో నా దస్తూరీతోనే ఉంది. కార్యదర్శిని గదా.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ మజ్జిగ పోస్తూ అడిగింది.

"ఏమండీ, సైకిలు ఎత్తుకుపోయేవాడు ముందుగా దాన్ని శుభ్రంగా తుడుస్తాడుటండీ?"

"దొంగల మనస్తత్వం నీకేం తెలుసు?" అన్నాను. అన్నానే గాని ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. గురువారం పోయింది, శుక్రవారం పోయింది. ఆ కుర్రాడు ఎదురైతే నేను స్కూటరు అద్దంలోకి చూసుకోవటం మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్న పది గంటలకు, ఆ బొమ్మ ముక్కను పెన్‌డ్రైవులోకి ఎక్కించి సంఘం దస్త్రంలో పెట్టాలన్న వంకతో ఒక్కణ్ణీ మీటర్ల గదిలోకి వెళ్ళాను.

బిగుసుకుపోయిన చోటు దాటించి ముందుకు లాగాను. మూడు గంటలు, నాలుగు గంటలు. తెల్లవారుజామున నాలుగున్నరకు స్కూలు బ్యాగులు తగిలించుకుని ముగ్గురు పిల్లలు లిఫ్టు వైపు పరుగెత్తారు. ఆశ్చర్యపోయాను. అదే తారీఖు సాయంత్రానికి లాగి చూశాను. అయిదూ ఇరవైకి పాలపాకెట్ల కుర్రాడు ట్రే మోసుకుంటూ వచ్చాడు. వెనకనే పేపరు కుర్రాడు. మా ఇంటికి సాయంకాలం అయిదింటికి పాలు పోసిందెప్పుడు? మళ్ళీ వెనక్కి వచ్చాను. పొద్దున్న అయిదూ నలభైఎనిమిదికి, అంటే మా లెక్కప్రకారం సైకిలు పోయిన మూడున్నర గంటల తరువాత, బ్యాంకు మేనేజరుగారి అబ్బాయి క్రికెట్ బ్యాటు భుజాన వేసుకుని వచ్చి, అదే సైకిలెక్కి, గంట కొట్టుకుంటూ పోయాడు!

అప్పుడు చూశాను గడియారం వైపు. పెట్టె పదీ ఇరవై చూపిస్తోంది. నా చేతి గడియారమూ పదీ ఇరవయ్యే. పెట్టె అంకెల పక్కన చీమంత అక్షరాలు రెండున్నాయి. పీ, ఎం.

ఆ రెండక్షరాలూ నెలరోజులకిందట నేను పెట్టినవే. పొద్దున్న పదింటికి సరిదిద్దుతూ రాత్రి పది చేశాను. అప్పటినుంచీ పెట్టె పన్నెండు గంటలు ముందు నడుస్తోంది. మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి ఆ కుర్రాడు చేసిన పనికి, బుధవారం రాత్రి రెండూ పది అని చీటీ అంటించింది. సెల్లారులో పగలైనా రాత్రయినా ఆ ట్యూబులైటు వెలుగేగా! ఎండ పడే గేటు కెమెరా బతికి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఇంజనీరుగారి పరీక్ష కూడా పన్నెండు గంటల తేడాను పట్టుకోలేనిదే. ముళ్ళగడియారం ముందు రెండు పూటలూ ఒకటే.

నా సిగ్గు గురించి ఇంకొక మాట చెప్పకతప్పదు. ఇరవైఏళ్ళనుంచి నేను తరగతిలో చెబుతున్నది కవుల కాలనిర్ణయం. మన పాత తాటాకు ప్రతుల చివర రాయసకాడు తరచు సంవత్సరం పేరు రాసి ఊరుకుంటాడు. శోభకృతు అని రాసి శకవర్షం రాయకపోతే అది 2023లో వచ్చిన శోభకృతా, 1963లో వచ్చిందా, అంతకు ముందుదా తెలియదు. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. అందుకని ఉత్త తేదీని నమ్మకండర్రా, లోపలి సాక్ష్యం వెతకండి, ఏ రాజు పేరు ఉంది, ఏ కవిని తలుచుకున్నాడు, ఏ ఊరి ముచ్చట చెప్పాడు చూడండి అని పిల్లల చెవుల్లో ఇల్లుకట్టుకుని చెప్పేవాణ్ణి. నా ఇంటి మెట్లకింద ఒక పిల్లవాడి బతుకు విషయం వచ్చేసరికి అంకెలు చూసి తీర్పు చెప్పేశాను. పాలపాకెట్ల కుర్రాడు నా అంతఃసాక్ష్యం!

అసలు దొంగ కూడా దొరికాడు, అంటే బొమ్మలో. బుధవారం మధ్యాహ్నం మూడూ పాతిక అన్న అంకెలకింద, నిజానికి తెల్లవారుజామున, తలకు తువాలు చుట్టుకున్న ఆకారమొకటి సైకిలును ర్యాంపుమీదుగా నెట్టుకుపోయింది. వాచ్‌మన్ కొడుకుకన్న జానెడు పొడుగు, భారీ మనిషి. మొహం ఆవగింజంత. ఎంత పెద్దది చేసి చూసినా గళ్ళే తప్ప ముక్కూ కళ్ళూ తేలలేదు. ఆ సైకిలు ఈనాటికీ దొరకలేదు. ఈ బొమ్మలన్నీ ముందు పెన్‌డ్రైవులో ఎక్కించాను. అది ఎంత మంచిపనో తరువాత తెలిసింది. మా పెట్టెలో డిస్కు ఆరు రోజులకు నిండి మొదటికి వస్తుంది. ఇంకొక్క రోజు నేను స్కూటరు అద్దంలోకి చూసుకుంటూ కూచుంటే మంగళవారం చెరిగిపోయేది.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాను. బొమ్మలు చూపించాను. తప్పు నాదన్నాను. ఇంజనీరుగారు చాలాసేపు తన గడియారంకేసి చూసుకుని, "నేనూ చూడలేదు" అన్నారు. అది చాలా పెద్దమాట. అందరూ ఆయనలాంటివారు కారు. "అయితే మాత్రం, ఒక కన్నేసి ఉంచటం మంచిది" అన్నవారున్నారు. వాళ్ళ పేర్లు మినిట్సులో రాయలేదు. తీర్మానం కొట్టివేశాం. నేను మెట్లకింది గదికి వెళ్ళేసరికి సామాను అప్పటికే రెండు గోనెల్లోకి ఎక్కింది. వాచ్‌మన్ భార్య మూతి కట్టిన గోనె ముడి విప్పుతూ కళ్ళు తుడుచుకుంది. "పోనీండి బాబూ, తెలిసింది, అదే సాలు" అన్నాడతను. కుర్రాడు గోడకానుకుని నిలబడ్డాడు. "క్షమించవోయ్" అన్నాను. తలూపాడు. అంతే.

ఇక పెట్టె సంగతి.

సైకిలు పోయిన వార్త ఎలా తెలిసిందోగాని, మూడు రోజుల్లో ఒక కంపెనీ కుర్రాడు టై కట్టుకుని వచ్చాడు. పాతదంతా తీసిపారేసి కొత్త పెట్టె, కొత్త కెమెరాలు, కొత్త తీగలు, అంతా కలిపి అరవైఎనిమిదివేలకు కాగితం ఇచ్చాడు. "ఎనిమిదేళ్ళ డీవీఆరా సార్! దానికి ఆయుర్దాయం ఎప్పుడో అయిపోయింది" అన్నాడు. సంఘం నిధిలో ఉన్నది నలభైరెండు వేలు. లిఫ్టు తాడు మార్చాలని ఇంకొకరు ఇచ్చిన కాగితం అప్పటికే ఫైల్లో ఉంది. కోశాధికారిగారు నీరసపడి కుర్చీలో కూలబడ్డారు.

నాకు ఆ పెట్టె మీద ఏదో జాలి కలిగింది. అది చూసింది చూసినట్టే రాసింది. కాలం తప్పుగా చెప్పింది నేను. పారేసేముందు ఒక్కసారి ఎవరికైనా చూపిద్దామని ద్వారకానగర్లో తెలిసిన ఒక మెకానిక్కును తీసుకొచ్చాను. అరవై దాటిన మనిషి. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా ఇక్కడికి చేరాడు. కరెంటు తీసి, నాలుగు మరలు విప్పి మూత ఎత్తగానే ముందు కనిపించినవి రెండు బల్లి గుడ్లు, వేలిమందం దుమ్ము. ఫ్యాను తిరగటం మానేసి ఎన్నాళ్ళయిందో.

ఆయన చిన్న స్క్రూడ్రైవరు మొనతో బోర్డుమీంచి రూపాయిబిళ్ళలాంటిది ఒకటి పైకి లేపి నా అరచేతిలో పెట్టాడు. "ఇదిగో మాస్టారూ మీ దొంగ!"

అది గడియారపు బ్యాటరీ. దాని మీద సీఆర్ 2032 అని ఉంది. ఆ అంకెలకు అర్థం ఉందిట. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. కరెంటు లేని వేళల్లో పెట్టెలోని గడియారాన్ని బతికించి ఉంచేది ఈ మూడు వోల్టుల బిళ్ళే. కొన్నేళ్ళకు అది చచ్చిపోతుంది. చచ్చిన సంగతి కరెంటు పోయేదాకా ఎవరికీ తెలియదు. కరెంటు పోయి రాగానే పెట్టెకు పూర్వజన్మ వచ్చేస్తుంది. మా పెట్టెకు 2000 సంవత్సరమైంది. ఖరీదు? నలభై రూపాయలు. నలభై రూపాయల బిళ్ళ లేక ఒక సంసారం గోనెలు కట్టుకుంది. బిళ్ళను కొన్ని పెట్టెల్లో బోర్డుకి అతికించేస్తారుట. మా అదృష్టం, మాది ఊడివచ్చే రకం.

తరువాత హార్డుడిస్కు. చెవి దగ్గర పెడితే టిక్కు టిక్కుమంటోంది. అక్కడక్కడ రాతపట్టని మచ్చలు పడ్డాయన్నాడు. కుర్రాడు సైకిలు తిరిగి తెచ్చిపెట్టిన బొమ్మ అలాంటి మచ్చలోనే పోయింది. అసలు 2015లో మాకు అమర్చినవారు మామూలు కంప్యూటరు డిస్కు పెట్టారు. కంప్యూటరు డిస్కు పొద్దున్నుంచి సాయంత్రందాకా, అదీ ఆగి ఆగి పనిచేసేందుకు చేసింది. ఇక్కడి పని రోజుకి ఇరవైనాలుగు గంటల రాత. ఇలాంటి ఊడిగానికి వేరే డిస్కులు తయారుచేస్తారు, వాటినే పెట్టాలి.

ఎంతది పెట్టాలి? ఆయన నా చేత లెక్క కట్టించాడు. తెలుగు లెక్చరరు చేత! మా ఒక్కో కెమెరా సెకనుకు పదిలక్షల బిట్ల చొప్పున పంపుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక రోజుకు 10.8 గిగాబైట్లు. ఎనిమిది కెమెరాలకు 86. పాత 500 గిగాబైట్ల డిస్కు ఆరు రోజులకు ఎందుకు చాలలేదో అప్పుడు అర్థమైంది. రెండు టెరాబైట్లయితే ఇరవైమూడు రోజులు. "నాలుగు పెట్టకూడదా?" అన్నాను ఆశగా. పాత పెట్టెల్లో చాలావాటికి రెండు టెరాబైట్లకు మించి లెక్కపెట్టటం రాదుట. డిస్కులో గళ్ళకు నంబర్లు వేసే పద్ధతి అక్కడితో ఆగిపోతుంది. ముందుగా పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఎంతవరకు పడుతుందో చూసుకుని కొనటం తెలివి. ఆ పుస్తకం మా మినిట్సు పుస్తకం అట్టలో, ఎనిమిదేళ్ళనుంచి విప్పని ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంది! మెట్లూ లిఫ్టూ దగ్గరి కెమెరాలు మనిషి కదిలినప్పుడు మాత్రమే రాసేటట్టు మార్చాక, ఆ ఇరవైమూడు రోజులు నెల దాటాయి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలను 30 రోజులు దాచమంటుంది. మా కాలేజీలో అందుకే అలా దాస్తారు. మా అపార్టుమెంటుకు ఆ పట్టింపు లేకపోయినా, నెల అన్నది మంచి కొలతే అనిపించింది.

ఇంత చేసినా ఆయన తృప్తిపడలేదు. గోడకున్న అడాప్టరును పట్టుకుని చూసి మొహం చిట్లించాడు. "వేడెక్కి లోపల కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి" అన్నాడు. డిస్కు తిరగటం మొదలెట్టే ఆ రెండు మూడు సెకన్లూ ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టరు నీరసించి ఉంటే కొత్త డిస్కు కూడా లేవలేక లేవలేక టిక్కుటిక్కుమంటుంది. డిస్కు పోయిందనుకుని మళ్ళీ డిస్కే కొంటారు జనం. అడాప్టరూ ఫ్యానూ మార్చి, దుమ్ము ఊది, గేటు కెమెరా తీగకు చిలుంపట్టిన కొస కోసేసి కొత్త కొస బిగించాడు. గేటు కళ్ళు తెరిచింది! ఏడాదిపాటు చచ్చిపోయిందనుకున్న కెమెరాకు వచ్చిన జబ్బు అంతే. ముప్ఫై రూపాయల కొస.

కొత్త డిస్కు పెట్టాక మెనూలోకి వెళ్ళి దాన్ని ఫార్మాటు చేయాలి. అప్పుడే పెట్టె దాన్ని తనదిగా ఒప్పుకుంటుంది. ఫార్మాటు చేస్తే ఉన్నదంతా పోతుంది గనుక పాత డిస్కును ముందే తీసి విడిగా దాచాం. దాన్ని మామూలు కంప్యూటరుకు తగిలిస్తే బొమ్మలు కనిపించకపోవచ్చు. ఈ పెట్టెలు చాలావరకు తమ సొంత పద్ధతిలోనే రాసుకుంటాయి. అందుకే కావలసినదేదైనా పెట్టె బతికుండగానే పెన్‌డ్రైవులోకి దింపుకోవాలి.

పాత డిస్కును గుడ్డలో చుట్టి బీరువాలో పెడుతుంటే నాకు సీ.పీ. బ్రౌను గుర్తుకొచ్చాడు. కడపలో తన బంగళాలో పండితుల్ని జీతాలిచ్చి కూచోబెట్టి, పురుగులు తిన్న తాటాకులనుంచి కొత్త కాగితాల మీదికి ప్రతులు ఎత్తించినవాడు. చాలాఖర్చు తన సొంత డబ్బే. తాటాకు పాడైందని కావ్యాన్ని పారెయ్యమనలేదు. ఆయన పోలిక ఎక్కువైందని తెలుసు. మా కావ్యంలో ఉన్నది పాలపాకెట్లూ స్కూటర్లూ.

చివరికి తాళంమాట దగ్గరికి వచ్చాం. అదే పాస్‌వర్డు. కొన్ననాటినుంచీ ఒకటి రెండు మూడు నాలుగు అయిదే. మెకానిక్కు నవ్వాడు. 2016లో మిరాయ్ అనే పురుగు సరిగ్గా ఇలాంటి పెట్టెల్లోకీ కెమెరాల్లోకీ, ఫ్యాక్టరీలో పెట్టిన తాళంమాటలు మార్చనివాటిలోకి, ప్రపంచమంతటా జొరబడింది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటన్నిటినీ ఒక్కసారి ఉసిగొలిపితే అమెరికాలో డైన్ అనే సంస్థ ఉక్కిరిబిక్కిరై, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటలతరబడి అందలేదు. ఎవరి మెట్లకింద పెట్టెలో ఆ పాపంలో భాగమున్నాయో ఆ ఇంటివాళ్ళకు తెలియనే తెలియదు. మా పెట్టె చేసినవారు దానికి కొత్త సాఫ్టువేరు ఇవ్వటం ఎప్పుడో మానేశారు. కాబట్టి తాళంమాట మార్చి, ఇంటర్నెట్టు తీగ పీకేశాం. ఫోనులో సెల్లారు చూసుకునే సరదా పోయిందని ఇద్దరు ముగ్గురు గొణిగారు. తీగ ఉంటే గడియారం తనంతట తానే సరిదిద్దుకునేది గూడా. అది వదులుకుని నేను నెల నెలా చూస్తానని ఒప్పుకున్నాను. ఇంతకన్న తగిన శిక్ష తోచలేదు.

మొత్తం ఖర్చు డిస్కూ, అడాప్టరూ, ఫ్యానూ, బిళ్ళా, కూలీతో కలిపి ఏడువేల ఎనిమిదివందలు. లిఫ్టు తాడు కూడా మార్చగలిగాం.

టై కట్టుకున్న కుర్రాడు చెప్పిందంతా అబద్ధమని మాత్రం అనను. ఎంత బాగుచేసినా ఈ పెట్టె బొమ్మ 960 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. ర్యాంపు మీది మొహం రేపైనా ఆవగింజే. మెకానిక్కు కూడా అదే అన్నాడు. మొహాలు గుర్తుపట్టాలంటే కెమెరాలూ పెట్టే మారాల్సిందే. అయితే ఆనాడు కూడా గోడల్లోని తీగలు అలాగే ఉంచుకోవచ్చుట. ఇప్పటి అనలాగు హెచ్‌డీ కెమెరాలు ఆ తీగలమీదనే నడుస్తాయి. ఆ కాగితంలో కొత్త తీగలకు వేసిన పదకొండు వేలు ఎందుకో ఆయనకూ అర్థం కాలేదు.

వాచ్‌మన్ కుటుంబం మా మెట్లకిందనే ఉంది. కుర్రాడికి డిగ్రీలో సీటొచ్చింది. అందరి బళ్ళూ కడుగుతాడు, నా స్కూటరు తప్ప. నేనూ అడగలేదు. ఆదివారాలు నేనే బకెట్టు పట్టుకుని దిగుతాను.

ప్రతి నెలా ఒకటో తారీఖున మీటర్ల గదిలోకి వెళ్ళి పెట్టె గడియారం సరిచూస్తున్నాను. ఇప్పుడది ఇరవైనాలుగు గంటల పద్ధతిలో నడుస్తోంది. కిందటి నెల అలాగే చేతి గడియారం చూసుకుంటూ తెరముందు వంగి ఉంటే, వెనక గుమ్మం దగ్గర చప్పుడైంది. కుర్రాడు. పుస్తకాల సంచి భుజాన ఉంది. కాలేజీకి పోతూ ఆగాడు కాబోలు. అంతకుముందు తనంతట తాను నాతో మాట్లాడి ఎరగడు.

"ఏఎమ్మా పీఎమ్మా సార్?" అన్నాడు.